ఇల్లు మారువేళ గృహోపకరణముల విక్రయము

మేడ్చలు, శామీరుపేట ప్రాంతములలో కాపురముండువారిలో పెక్కురు పదికాలములపాటు ఒకే యింట నిలుచువారు కారు. నాగపూరునకు బోవు 44వ జాతీయ రహదారి మేడ్చలు మీదుగను, కరీంనగరమునకు బోవు రాజీవ్ రహదారి శామీరుపేట మీదుగను సాగుచున్నవి. నగరమును చుట్టి 158 కిలోమీటర్ల పొడవున నిర్మింపబడిన వలయ రహదారి ఈ రెండు ఊళ్లను ఒండొంటితో కలుపుచున్నది. 1998లో స్థాపింపబడిన నల్సారు న్యాయ విశ్వవిద్యాలయమును, 2008లో ఆరంభమైన బిట్స్ పిలానీ హైదరాబాదు విద్యాలయమును శామీరుపేట చెంతనే యున్నవి. తుర్కపల్లి వైపున జీనోమ్ వ్యాలీ యనబడు ప్రదేశమున ఔషధ పరిశోధనాలయములును, హకీంపేటలో వాయుసేనా స్థావరమును, మేడ్చలు చుట్టుపట్ల కర్మాగారములును కలవు. ఇట్టిచోట్లకు ఉద్యోగి బదిలీపై వచ్చును, బదిలీపై పోవును. విద్యార్థి చదువు ముగియగానే వెడలును. కర్మాగారపు కూలి పని యున్నంతవరకే గది యద్దెకు దీసికొనును. ఇల్లు ఖాళీ చేయు ప్రతివారికిని ఒక ప్రశ్న యెదురగును. ఈ మంచము, ఈ బీరువా, ఈ కూలరు ఏమి చేయవలెను?

ఈ ప్రశ్నకు అనేక కుటుంబములు చెప్పుకొను సమాధానము విచారకరముగా నున్నది. కడపటి మూడు దినములవరకు ఊరకుండి, బండి వాకిట నిలిచిన పిమ్మట పాత సామానువానిని బిలిచి, అతడు కాటాపై తూచి యెంత యిచ్చిన నంత పుచ్చుకొందురు. ఇంకను పదేండ్లు పనికివచ్చు బీరువా ఇనుపతుక్కు వెలకు బోవును. ఆ వీథిలోనే క్రొత్తగా కాపురము పెట్టుకొన్నవారు అట్టి బీరువాకే అంగడిలో ఎన్నోయింతలు చెల్లించి, ఆ సొమ్మును వాయిదాలమీద తీర్చుచుందురు. ఇరువురకును నష్టమే. దీనికి హేతువేమో, నివారణమెట్లో విద్యార్థులకు దెలుపుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము. గణితమును, కొంత శాసనమును, కొంత లోకజ్ఞానమును ఇందు కలసియుండును.

అమెరికా దేశమున నివసించు తెలుగువారు ఇల్లు మారునపుడు గరాజు సేలు అను పద్ధతి నవలంబించుటను చూచుచున్నాము. అచ్చటి యిండ్లకు మోటారుబండి నిలుపు కొట్టము ఉండును. శనివారమో ఆదివారమో దాని తలుపు తెఱచి, వస్తువులకు వెలచీట్లు అంటించి, దారిన బోవువారి కమ్ముదురు. అనేక పట్టణములలో దీనికి పురపాలకులనుండి అనుమతి పొందవలెను. ఏడాది కిన్నిమార్లు మాత్రమే యను నియమమును గలదు. దీనివంటిదే రమ్మేజు సేలు అను మఱియొకటి. ఓడలో సరకు సర్దుటకు ఫ్రెంచివారు వాడిన మాటనుండి ఆ పేరు పుట్టినది. రేవులో ఎవరును దీసికొనక మిగిలిన సరకు అమ్ముటను మొదట అట్లు పిలిచిరి.

మన దేశమున ఇది బొత్తిగా క్రొత్తది కాదు. తెలంగాణమున వినబడు హర్రాజు అనుమాట అరబ్బీనుండి వచ్చినది. వేలము అనుమాట పోర్చుగీసుల లెయిలావ్ అను మాటనుండి పుట్టినదని భాషావేత్తలు చెప్పుదురు. కంపెనీ కాలపు దండు ఊళ్లలో అధికారి బదిలీయైనను, స్వదేశమునకు బోయినను, మరణించినను అతని కుర్చీలు, గుఱ్ఱపుబండి, పింగాణి పాత్రలు హర్రాజున అమ్ముడగుచుండెను. 1806లో వెలసిన సికిందరాబాదు అట్టి దండు ఊరే. మదరాసులో 1927లో ముర్రే కంపెనీయును, కలకత్తాలో 1940లో రసెల్ ఎక్స్ఛేంజియును ఇట్టి విక్రయముల నిమిత్తమే ఏర్పడినవి. అయితే యీ యాచారము దొరల బంగళాలలో నిలిచినంతగా మన లోగిళ్లలో నిలువలేదు.

ఏల నిలువలేదు? సిగ్గే ముఖ్యకారణమని నా యభిప్రాయము. మన పల్లెలలో ఇంటి సామాను వీథిలో బెట్టుట యనగా జప్తు అని యర్థము. అప్పు తీర్పలేనివాని గిన్నెలు, మంచములు బయట బడవేయుటను చూచిన కన్నులకు, ఇచ్ఛాపూర్వకముగా అమ్మువాడును దివాలా దీసినవానివలెనే కనబడును. వాస్తవముగా శాసనము ఇంత కఠినము కాదు. 1908 సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడులోని 60వ సెక్షను ప్రకారము ఋణగ్రస్తుని యొక్కయు, అతని భార్యాబిడ్డల యొక్కయు కట్టుబట్టలను, వంటపాత్రలను, మంచములను, పరుపులను, చేతిపనివాని పనిముట్లను జప్తు చేయరాదు. అయినను భయము శాసనముకంటె దీర్ఘాయువు గలది. "వారు సామాను అమ్ముకొనుచున్నారట" యను మాట పొరుగువారి నోట బడకుండవలెనని, గృహిణులు మంచి వస్తువులను సైతము రహస్యముగా తుక్కువాని పాలు చేయుదురు. ఇత్తడి బిందెలమీదను, స్టీలు గిన్నెలమీదను పేరును, పెండ్లితేదీని చెక్కించు అలవాటు ఈ సిగ్గును ఇనుమడింపజేయుచున్నది. ఒకరి పేరు గల గిన్నెలో వేఱొకరు వండుకొనుట కిరువురును సంకోచింతురు. అట్టి పాత్రలను మాత్రము ఇంటికడ అమ్మజూడక, పాత్రల అంగడిలో తూకమునకిచ్చి క్రొత్తవాటిలో ఆ సొమ్ము మినహాయించుకొనుట మేలు.

ఇక వెలను గూర్చి విచారింతము. వాడిన వస్తువుయొక్క వెల కొన్నవెలనుబట్టి గాని, మన మమకారమునుబట్టి గాని నిర్ణయము కాదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున కానెమన్, నెచ్, థేలర్ అను మువ్వురు పండితులు ఒక పరీక్ష జరిపి 1990లో ప్రకటించిరి. తరగతిలో సగముమందికి 6 డాలరుల వెలగల కాఫీలోటాలు ఉచితముగా నిచ్చి, వాటిని తక్కినవారి కమ్మనిరి. లోటా పొందినవారు 5 డాలరుల 25 సెంట్లకు తక్కువైన అమ్మమనిరి. పొందనివారు 2 డాలరుల 25 మొదలు 2 డాలరుల 75 సెంట్లకు మించిన కొనమనిరి. ఇవి ఉభయపక్షముల మధ్యమాంకములు. ఆ లోటా చేతికి వచ్చి గడియలైనను కాలేదు. అప్పుడే "నాది" యను భావము వెలను ఇంచుమించు రెండింతలు చేసినది. ఇరువదియేండ్లు మనతో గడపిన ఊయలబల్లకు మన మెంత చెప్పుదుమో ఊహింపవచ్చును.

కావున మమకారమును వేఱుగా నుంచి లెక్కవేయవలెను. 2013 సంవత్సరపు కంపెనీల చట్టములోని రెండవ షెడ్యూలు సామాన్యమైన కుర్చీలు, బల్లలు మొదలగువాటికి 10 సంవత్సరములును, బల్లమీది కంప్యూటరుకును ఒడికంప్యూటరుకును 3 సంవత్సరములును ఉపయోగకాలముగా నిర్ణయించినది. ఇది కంపెనీల లెక్కలకొఱకు ఏర్పడినదే గాని, మనకును కొలబద్దగా ఉపయోగించును. 6,000 రూపాయలకు కొన్న రాతబల్లను 4 సంవత్సరములు వాడితి మనుకొందము. మిగిలిన యాయువు 6 సంవత్సరములు. ఆ లెక్కను 6,000ను 10చే భాగించి 6చే గుణింపగా 3,600 రూపాయలు వచ్చును. కంప్యూటరునకైనచో నాలుగవయేట లెక్కలో మిగులునది అత్యల్పము.

అయినను 3,600 రూపాయల బల్లను 3,600కు ఎవరును కొనరు. ఎందుచేత? ఇచ్చటనే యీ విషయముయొక్క మర్మమున్నది. జార్జి ఏకర్లాఫ్ అను అర్థశాస్త్రజ్ఞుడు 1970లో, వాడిన మోటారుబండ్లను ఉదాహరణముగా గైకొని, ఒక వ్యాసము వ్రాసెను. వస్తువులోని లోపము అమ్మువానికి దెలియును, కొనువానికి దెలియదు. తెలియనివాడు ప్రతివస్తువునందును లోపమున్నట్లే భావించి వెల తగ్గించును. తగ్గిన వెలకు మంచి వస్తువు గలవాడు అమ్మనొల్లడు. చెడ్డ వస్తువులే బజారున మిగులును. అంతట కొనువాని యనుమానము మఱింత పెరుగును. ఈ సిద్ధాంతమునకు ఆయన 2001లో నోబెలు బహుమానమును పంచుకొనెను. పురానాపూలు దగ్గఱి జుమ్మేరాత్ బజారులోను, ఎఱ్ఱగడ్డ ఆదివారపు సంతలోను తిరిగినవారికి ఈ సిద్ధాంతము పుస్తకము చదువకయే బోధపడును. అక్కడ పంకా ఎవరి యింటిదో, ఎన్నియేండ్లు తిరిగినదో చెప్పువాడుండడు.

వెలను తగ్గించునది వస్తువుయొక్క ముసలితనముకంటెను కొనువాని సందేహమే యెక్కువ. ఇంటికడ అమ్ముటలోని బలమంతయు దీనియందే కలదు. ఇంట పంకా తిరుగుచుండగనే చూపవచ్చును. ఫ్రిజ్జులో మంచుగడ్డ కట్టియుండును. వాషింగు మెషీనులో నీరు పోసి త్రిప్పి చూపవచ్చును. కొన్ననాటి రసీదు అలమరలో దొరకును. చాలమంది శుభ్రముగా కనబడవలెనని వారముముందే ఫ్రిజ్జు నార్పి, కడిగి, మూలకు జరిపి యుంచెదరు. ఇది తెలివితక్కువ పని. ఆగియున్న యంత్రమును చూచినవాడు అది నడువదనియే తలంచును.

లోపమును దాచుట సంగతి యేమి? 1930 సంవత్సరపు సరకుల విక్రయ చట్టము 16వ సెక్షను సాధారణముగా కొనువాడే చూచుకొనవలెనని చెప్పుచున్నది. 1872 సంవత్సరపు ఒప్పందముల చట్టము 17వ సెక్షనుయొక్క వివరణమును, చెప్పవలసిన బాధ్యత లేనిచోట మౌనము మాత్రమే మోసము కాదనుచున్నది. కాని అడిగినప్పుడు తెలిసి అబద్ధమాడుట మోసమే. శాసనము మౌనమున కింత చోటిచ్చినను, ఆ చోటును వాడుకొనుట లాభకరము కాదు. ఒక సంభాషణమును చూడుడు. ఏసీ గాలికి నోచుకొనని కర్మాగారపు పనివాడు కూలరు కొనవచ్చి, "అక్కా, గిది నడుస్తదా?" యని యడుగును. "నడుస్తది తమ్మీ. కాని నీళ్ల పంపు పోయిన యేడు మార్పించినం. గడ్డి పాతబడ్డది, నువ్వు కొత్తది ఏసుకోవాలె" అని గృహిణి యుత్తరమిచ్చును. గడ్డివెల తగ్గించుకొని యతడు బేరము ముగించును. రెండు లోపములు చెప్పినామెకు మూడవ లోపము లేదని యతనికి నమ్మకము కలిగెను. ఆ నమ్మకమునకు వెల గలదు. పైగా అతడే సాయంకాలమునకు తన గదిలోని ఇద్దఱిని వెంటబెట్టుకొని మంచమునకై వచ్చును.

మంచములమాట వచ్చినది గనుక నల్లులను గూర్చి చెప్పక తీరదు. వసతిగృహములనుండి వచ్చు పరుపులలోను, కొయ్యమంచముల అతుకులలోను ఇవి గ్రుడ్లు పెట్టును. పరుపు ఒక దినము ఎండలో వేసినంతమాత్రమున లోపలి పురుగులు చావవు. అట్టి పరుపు నమ్ముట తగదు, ఉచితముగా నిచ్చుటయు తగదు. పేదవాని యింటికి పంపిన నల్లి అతని నిద్రను, ఆ పిదప అతని కూలిని హరించును.

అమ్మకమునకు ఆదివారము తగినది. మంగళ శుక్రవారములందు ఇంటినుండి వస్తువును వెలుపలి కిచ్చుటకు మన గృహిణులు ఒప్పరు. ఆషాఢమున క్రొత్తయింట ప్రవేశింపరు కనుక, ఇల్లు మారువారు జ్యేష్ఠమునందో శ్రావణమునందో గుంపులుగా మారుదురు. బడుల వేసవి సెలవులును జ్యేష్ఠమువైపే త్రోయును. అందఱును ఒకేమారు అమ్మజూచిన వెల పడిపోవుట సహజము. విద్యార్థుల విషయమున చిక్కు మఱియొకటి. చదువు ముగించినవారు వేసవిలో వెడలుదురు, క్రొత్తవారు వానకారులో వత్తురు. నడుమ మాసమో రెండు మాసములో ఎడముండును. ఆ యెడములో సైకిళ్లను, బల్లలను కొని దాచి, తరువాత హెచ్చువెలకు అమ్ము వర్తకుడు లాభము పొందును. అతనిని దూషించుట న్యాయము కాదు. దాచుటకు చోటును, అమ్ముడుపోదను భయమును అతడే మోయుచున్నాడు. అయితే క్రింది తరగతివారితో ముందే మాటాడుకొన్న విద్యార్థికి అతని యవసరము లేదు.

కూలరుయొక్క ధర్మసంకటము వేఱు. జూను నెలలో వెడలువారు దానిని ఏప్రిలులో అమ్మిననే మంచివెల వచ్చును. కాని మే నెల యెండలో అది తమకే కావలెను. దీనికి ఉపాయము బయానా పుచ్చుకొని, వెడలు దినమున వస్తువు నప్పగించుట. ఇక్కడ శాసనమును తెలిసికొనుట అవసరము. పై 1930 చట్టము 20వ సెక్షను ప్రకారము, ఎదుటనే యున్న ఫలానా వస్తువును షరతు లేకుండ అమ్మితినన్నచో, సొమ్మును అప్పగింతయు తరువాత జరిగినను, స్వామ్యము అప్పుడే కొనువానికి సంక్రమించును. వేఱుగా అనుకొననిచో 26వ సెక్షనుచొప్పున నష్టభయమును అతనిదే యగును. అనగా మన యింట, మన వాడకములో, ఎవరి తప్పిదము లేకయే కూలరు కాలిపోయినచో కొన్నవాడు నష్టపడునని వాదింపవచ్చును! ఇది యన్యాయముగా దోచును. కావున చీటిపై "వస్తువు అప్పగించిన దినముననే అమ్మకము, అంతకుముందు చెడినచో బయానా వాపసు" అని వ్రాసి యిరువురును సంతకము చేయవలెను. రెండు పంక్తుల వ్రాత పెద్ద తగవును తప్పించును.

ఏది యమ్మవలెను, ఏది కొనిపోవలెను అను ప్రశ్నకు సులభమైన లెక్క కలదు. పోవుచోట అట్టి పాతవస్తువును కొనుటకు 7,000 రూపాయలగునని, ఇక్కడ అమ్మిన 4,000 వచ్చునని అనుకొందము. భేదము 3,000. కొనిపోవు ఖర్చు దీనికి తక్కువైన కొనిపోవలెను, ఎక్కువైన అమ్మవలెను. కాని ఖర్చును వస్తువున కింతయని పంచుట పొరపాటు. బండి బాడుగ బండికే గాని బీరువాకు కాదు. డీసీఎం బండి ఎట్లును కుదుర్చుకొన్నపుడు, అందు చోటున్నంతవరకు మఱియొక బల్లకు హమాలీ కూలి తప్ప వేఱు ఖర్చు లేదు. రెండు మూడు పెద్ద వస్తువుల నమ్మగా సామానంతయు ట్రాలీ ఆటోలో పట్టునట్లైనచో అప్పుడు మాత్రము ఆ బాడుగల భేదమంతయు లాభము. ఒక్క వస్తువు నమ్మి డీసీఎంను సగము ఖాళీగా పంపుట వ్యర్థము.

అమ్మరానివి కొన్ని కలవు. వంటగ్యాసు సిలిండరు మన సొత్తు కాదు. అది కంపెనీది, మనము కట్టినది ధరావతు మాత్రమే. 2000 సంవత్సరపు గ్యాసు సరఫరా నియంత్రణోత్తర్వు ప్రకారము దానిని ఇతరుల కమ్మరాదు. సిలిండరును, రెగ్యులేటరును పంపిణీదారున కప్పగించి, ధరావతు పొంది, పత్రము దీసికొని క్రొత్త యూరిలో చూపవలెను. పొయ్యి నమ్మవచ్చును. మిగిలిన మందులను అమ్ముటకు అనుమతిపత్రము లేనివారికి అధికారము లేదు. అద్దెకు దెచ్చిన సోఫాను, వాయిదాలు తీరని టీవీని అమ్ముట పరుల సొమ్ము నమ్ముటయే. చేతి ఫోను నమ్మునపుడు అందలి సమాచారమును తుడిచివేసి, ఖాతాలనుండి వైదొలగి, రసీదుతో సహా ఇయ్యవలెను. రసీదు లేని ఫోను దొంగసొత్తేమో యని కొనువాడు శంకించుటలో తప్పులేదు.

స్కూటరు మిక్కిలి యపాయకరమైనది. సొమ్ము చేతబడగానే తాళపుచెవి యిచ్చి బాధ్యత తీరినదని తలంచువారు పెక్కురు. 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 50వ సెక్షను ప్రకారము అదే రాష్ట్రములో నైనచో 14 దినములలో రిజిస్ట్రేషను అధికారికి బదలాయింపును దెలుపవలెను; అందుకు 29, 30 సంఖ్యల ఫారములు కలవు. రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే యజమాని యని, నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ అను వ్యాజ్యెములో 2018లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యెములో బండి పలువురి చేతులు మారినది, పేరు మాత్రము మారలేదు. ప్రమాదమునకు పరిహారపు భారము మొదటి యజమానిపై బడెను. దూరదేశమునకు బదిలీపై బోయిన యుద్యోగికి ఇట్టి నోటీసు వచ్చినయెడల, అమ్మిన స్కూటరు వెలకంటె అనేక రెట్లు చెల్లింపవలసివచ్చును.

పుస్తకములను తూకమున కమ్ముటకు ముందు క్రింది తరగతివారి నడుగవలెను. పాఠ్యప్రణాళిక మారనంతవరకే వాటికి విలువ. తక్కినవి ఆబిడ్సులో ఆదివారమునాడు కాలిబాటపై పుస్తకములు పఱచువారికి చేర్పవచ్చును.

ఇన్ని చేసినను కొన్ని మిగులును. వెడలుటకు నాలుగు వారముల ముందు మొదలిడి, మొదటి ఆదివారము పెద్ద వస్తువులను పూర్తి వెలకును, మూడవ ఆదివారము మిగిలినవాటిని వెల తగ్గించియు చూపినచో, కడపటి వారమునకు పగిలిన బకెట్లు, త్రుప్పుపట్టిన స్టాండ్లు, పాత ఇన్వర్టరు బ్యాటరీ మాత్రమే యుండును. తుక్కువానిని పిలువవలసిన వేళ యిదియే. ఇప్పు డతని కాటా వెలలో అన్యాయమేమియు లేదు. బ్యాటరీని మాత్రము అతని కిచ్చి పగులగొట్టనీయరాదు. అందలి సీసమును ఆమ్లమును పసిబిడ్డలకు విషము. 2022 సంవత్సరపు నిబంధనలు దానిని తిరిగి సేకరింపించు భారమును తయారుచేసినవారిపై నుంచినవి గనుక, క్రొత్త బ్యాటరీ లమ్ము దుకాణమున దాని నప్పగించి, బరువునుబట్టి వారిచ్చు సొమ్ము పుచ్చుకొనవచ్చును.